చెన్నైలో పని చేసుకుంటూ ఏఆర్‌టీ మందు తప్పకుండా వేసుకోవడం ఎలా

శ్రీకాకుళం నుంచి సెంట్రింగ్ పనికి వచ్చినవారు, నెల్లూరు నుంచి హోటల్ పనికి వచ్చినవారు, తిరుపతి వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో వచ్చి ఒకే గదిలో నలుగురు సర్దుకుంటున్నవారు, పెరంబూరు, చాకలిపేటల్లో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలవారు. చెన్నైలో తెలుగువాళ్లకు కొదవ లేదు. వారిలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కోసం, వారిని కనిపెట్టుకుని ఉండేవారి కోసం ఇది రాస్తున్నాను.

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందు రోజూ వేసుకోవాలని, మానకూడదని మీకు ఈపాటికి చాలామంది చెప్పే ఉంటారు. ఇరుకు గదిలో, ఊళ్లు తిరిగే బతుకులో అది ఎలా సాధ్యమో విడమరిచి చెప్పేవారే తక్కువ. మాత్ర తప్పితే మతిమరుపు అని అందరూ తేల్చేస్తారు. నేను చూసినంతలో మాత్రలు తప్పేది ఎక్కువగా రెండు చోట్ల: ఎవరైనా చూస్తారేమోనని దాచుకునేటప్పుడు, ఊరు కదిలినప్పుడు. ఈ రెండింటికీ ముందే ఏర్పాటు చేసుకుంటే మిగిలినది పెద్ద కష్టం కాదు.

ముందు సెంటర్ సంగతి తేల్చుకోండి

ఈ మందు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో, పాత ఊళ్లోనే పేరు ఉంచుకుని, నెలనెలా వెళ్లి మందు తెచ్చుకుందామని చాలామంది అనుకుంటారు. ఒకటి రెండు నెలలు సాగుతుంది. ఆ తర్వాత మేస్త్రి సెలవు ఇవ్వడు, లేదా రైలు టికెట్టు దొరకదు, సీసా ఖాళీ అవుతుంది. చెన్నైలో కొన్ని నెలలైనా ఉండబోతున్నారంటే చికిత్సను ఇక్కడికి బదిలీ చేయించుకోండి.

పాత ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి ‘ట్రాన్స్‌ఫర్ అవుట్’ కావాలని అడగండి. వాళ్లు బదిలీ పత్రం రాసి, మీ చికిత్స వివరాలున్న కార్డు నకలు జతచేసి ఇస్తారు. కొత్త సెంటర్‌లో పేరు నమోదయ్యేవరకు సరిపడా మందు ఉందో లేదో అక్కడే లెక్క చూసుకుని, లేకపోతే అడిగి తీసుకోండి. మీ దగ్గర ఉండే గ్రీన్ బుక్ పోగొట్టుకోవద్దు. అందులో మీ ఏఆర్‌టీ నంబరు, వేసుకుంటున్న మందు పేరు, చివరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) ఫలితం ఉన్న పేజీలను ఫోటో తీసి, ఫోనులో తాళం వేసిన ఫోల్డరులో దాచుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ పింఛను అందుకుంటున్నవారు, బదిలీ అయితే పింఛను ఏమవుతుందో పత్రం తీసుకోకముందే ఆ కౌన్సెలర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

చెన్నైలో పెద్ద సెంటర్ తాంబరం శానటోరియంలోని ప్రభుత్వ ఛాతీ వ్యాధుల ఆసుపత్రిలో ఉంది. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కు వెళ్లి తాంబరం వైపు లోకల్ రైలు ఎక్కండి. క్రోంపేట తర్వాత వచ్చేదే తాంబరం శానటోరియం స్టేషన్. తాంబరం దాకా వెళ్లనక్కర్లేదు. అంత దూరం వీలుకాకపోతే సెంట్రల్‌కు ఎదురుగానే ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోను, కీళ్పాక్, స్టాన్లీ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోను ఏఆర్‌టీ సేవలు ఉన్నాయి. ఏ రోజుల్లో, ఏ వేళల్లో చూస్తారో ముందే తెలుసుకుని ఉదయాన్నే చేరుకోండి.

దేశంలో హెచ్‌ఐవీ మొదట కనిపించింది ఈ నగరంలోనే. 1986లో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె దగ్గర చదువుతున్న డాక్టర్ నిర్మల ఇక్కడ సేకరించిన రక్త నమూనాల్లో అది బయటపడింది. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టినప్పుడు తాంబరం తొలి సెంటర్లలో ఒకటి. అంతకు ముందు మందు కొనలేక ప్రాణాలు పోగొట్టుకున్నవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఇప్పుడు మందు, పరీక్షలు ఉచితం. పరాయి ఊరని వెనుకాడకండి. ఆధార్‌లో పాత చిరునామా ఉందని ఆగిపోకండి, అదే చూపించి ఏం చేయాలో అడగండి.

ఇంటికి దగ్గరి సెంటర్‌కు వెళ్తే తెలిసినవాళ్లు చూస్తారని కొందరు దూరపు సెంటర్ ఎంచుకుంటారు. అది మీ ఇష్టం. అరపూట సెలవులో వెళ్లి రాగలిగేంత దూరమైతే చాలు. తమిళం రాకపోతే మొహమాటపడకండి. తెలుగు తెలిసిన కౌన్సెలర్ గానీ నర్సు గానీ ఉన్నారా అని అడగండి. అర్థం కాకపోయినా తల ఊపి రావద్దు. మాట కలపడానికని పక్కగది మనిషిని వెంట తీసుకెళ్లకండి. మీ విషయం ముందే తెలిసిన మనిషైతే వేరే సంగతి.

మందు బాగా పనిచేస్తూ ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి మూడు నెలల మందు ఇచ్చే పద్ధతి ఉంది. కూలి పోగొట్టుకుని ప్రతి నెలా రావడం కష్టమవుతోందని చెప్పి, మీకు వర్తిస్తుందేమో అడగండి. అడగనిదే ఎవరికీ తెలియదు.

వేళ ఎలా ఎంచుకోవాలి

ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒక్కసారి. ఇంతకుముందు ఎఫావిరెంజ్ ఉన్న మాత్ర ఇచ్చేవారు. దానితో తల తిరిగేది, పీడకలలు వచ్చేవి, అందుకే పడుకోబోయేముందు వేసుకోమనేవారు. ఆ అలవాటుతో ఇప్పటికీ రాత్రే వేసుకోవాలని చాలామంది అనుకుంటున్నారు. టీఎల్‌డీకి ఆ నియమం లేదు. పగలైనా, రాత్రైనా, తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. కొందరికి దీనితో నిద్ర సరిగా పట్టదు, వారు పొద్దున్నే వేసుకోవడం మంచిది.

కాబట్టి రోజు మొత్తంలో మీరు ఒంటరిగా ఉండే అయిదు నిమిషాలు ఎప్పుడో చూడండి. అదే మీ వేళ. హోటల్లో పనిచేసేవారు తెల్లవారకముందే వెళ్లి, మధ్యాహ్నం కాసేపు గదికి వచ్చి, మళ్లీ సాయంత్రం వెళ్తారు. వారికి మధ్యాహ్నం మూడింటికి గదిలో ఎవరూ ఉండరు. రాత్రి డ్యూటీ చేసేవారికి బయల్దేరే ముందు స్నానం వేళ అనువు. పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిను, ఏదో ఒక రోజువారీ పనికి మాత్రను ముడిపెట్టండి. రాత్రి తొమ్మిది మంచిదని ఎవరో చెప్పారని, ఆ వేళకు గదంతా నిండి ఉంటే, మీరు రోజూ తప్పించుకు తిరగాల్సి వస్తుంది. అలా వాయిదా వేసిన మాత్రే మర్నాటికి తప్పిన మాత్ర అవుతుంది.

ఫోనులో అలారం పెట్టి దానికి ‘నీళ్లు తాగు’ అని పేరు పెట్టండి. గోడమీది తెలుగు క్యాలెండరులో ఆ రోజు తిథి పక్కన పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. నోట్లో వేసుకున్నాకే చుక్క. వేసుకున్నానా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడు ఆ చుక్క తీరుస్తుంది. ఆ చుక్క ఎందుకని ఎవరూ అడగరు.

ఉపవాసం రోజున మాత్ర మానకండి. కార్తిక సోమవారమైనా, శివరాత్రి అయినా, అయ్యప్ప దీక్షలో ఉన్నా గుక్కెడు నీళ్లతో వేసుకుంటే చాలు. రంజాన్ ఉపవాసం ఉండేవారు సహరీకో ఇఫ్తార్‌కో వేళ మార్చుకుని నెలంతా దాన్నే పాటించండి. దీనికి పత్యం అంటూ ఏదీ లేదు. మద్యం తాగిన రోజు మాత్ర వేసుకోకూడదనే నమ్మకం చాలా బలంగా ఉంది, దాని మూలంగా వారానికో మాత్ర పోగొట్టుకుంటున్నవారు ఉన్నారు. తాగుడు తగ్గించుకోవాల్సిందే, అయితే తాగిన రోజున కూడా మాత్ర వేసుకోవాల్సిందే.

సీసా ఎక్కడ పెట్టాలి

ముప్పై మాత్రల ప్లాస్టిక్ సీసా. కదిపితే గలగలమంటుంది. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు సంచిలోంచి తీస్తే అందరి తలలూ ఇటే తిరుగుతాయి. మూత కింద కొంచెం శుభ్రమైన దూది కూరితే చప్పుడు ఉండదు. లోపలుండే, తేమను పీల్చుకునే చిన్న పొట్లాన్ని మాత్రం పారేయకండి, చెన్నై ఉక్కలో అది అవసరం. లేబులు పీకేస్తే మందు పేరు, గడువు తేదీ పోతాయి. పీకక తప్పదనుకుంటే ముందు ఫోటో తీసుకుని, గడువు తేదీని సీసా అడుగున మార్కరుతో రాయండి. సీసా మొత్తాన్ని వేరే డబ్బాలోకి ఒంపేయకుండా, వారానికి సరిపడా ఏడు మాత్రలే మూత గట్టిగా పట్టే చిన్న డబ్బీలో పెట్టుకుని, అసలు సీసాను పెట్టెలో తాళం వేసి ఉంచవచ్చు.

ఫ్రిజ్ అవసరం లేదు. ఎండ తగలకుండా చూడండి. మే నెలలో బండి సీటు కింద పెట్టెలో వదిలేసిన మందు కాగిపోతుంది. రేకుల షెడ్డులో ఉండేవారు సీసాను పైకప్పుకు దూరంగా, కింద ట్రంకు పెట్టెలో పెట్టుకోవాలి. పర్సులో ఒకటి రెండు మాత్రలు విడిగా, చిన్న పొట్లంలో ఎప్పుడూ ఉంచుకోండి. రోడ్డు మీద ఇరుక్కుపోయిన రోజున అవే ఆదుకుంటాయి. వారానికోసారి వాటిని వాడేసి కొత్తవి పెట్టండి.

గదిలోవాళ్లు ఏం మాత్రలని అడుగుతారు. సిద్ధంగా ఒక జవాబు పెట్టుకోండి. విటమిన్ మాత్రలని చెబితే నాకూ ఒకటి ఇవ్వమనేవాళ్లు ఉంటారు. బీపీ మాత్ర అని చెప్పండి. రోజూ ఒకటి, మానకూడదు, ఈ రోజుల్లో వయసుతో పని లేదు. ఎవరూ అడిగి వేసుకోరు, మళ్లీ మళ్లీ ఆరా తీయరు. మీ ఆరోగ్యం గురించి పక్క మంచం మనిషికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన బాధ్యత మీకు లేదు, అందుకని దీనికి సిగ్గుపడకండి.

తప్పితే ఏం చేయాలి

గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్రకు నాలుగు గంటల లోపే ఉంటే తప్పినదాన్ని వదిలేసి, మామూలు వేళకు మామూలుగా వేసుకోండి. రెండూ కలిపి ఒకేసారి వేసుకోవద్దు.

సెంటర్‌కు వెళ్లేటప్పుడు మిగిలిన మాత్రలతో సహా సీసా తీసుకెళ్లండి. కౌన్సెలర్ వాటిని లెక్కపెట్టి ఎన్ని తప్పాయో చూస్తారు. ముప్పైలో ఒక్కటి తప్పితే 96 శాతం పైనే ఉంటారు. రెండు తప్పితే 93కు పడిపోతారు. 95కు తగ్గకూడదన్నది లక్ష్యం. తిట్లు పడతాయని మిగిలిన మాత్రలను దారిలో పారేసి, ఖాళీ సీసా చూపించేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. లెక్క సరిపోయి, రక్తంలో వైరస్ పెరిగితే మందే పనిచేయడం లేదని డాక్టరు అనుకుంటారు. ఎందుకు తప్పిందో ఉన్నదున్నట్టు చెబితే, వేళ మార్చడమో, మూడు నెలల మందు ఇవ్వడమో, ఏదో ఒక దారి దొరుకుతుంది. తిట్టే కౌన్సెలర్ ఎదురైతే మరొకరితో మాట్లాడతానని అడగండి. మీరు చికిత్సకు వచ్చారు, తప్పు ఒప్పుకోవడానికి కాదు.

కొన్ని వారాలు పూర్తిగా మానేసినవారు సిగ్గుతో ఇక వెళ్లరు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం అక్కడే. ఎన్ని నెలలైనా సరే, వెనక్కి వెళ్లండి. హెపటైటిస్ బి కూడా ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నూ అణచి ఉంచుతాయి. హఠాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు.

వేరే మందులు వాడుతుంటే

ఇది చాలామందికి తెలియని విషయం. కడుపులో మంటకు తాగే జెలూసిల్, డైజీన్ వంటి వాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అవి డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. మీ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత వాటిని తాగండి. ముందే తాగి ఉంటే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఖాళీ కడుపున ఇదే లెక్క. భోజనంతో అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. గర్భిణులకు ఈ రెండూ రాస్తారు కాబట్టి వారు తప్పక గుర్తుంచుకోవాలి.

షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. డోలుటెగ్రావిర్ రక్తంలో దాని స్థాయిని పెంచుతుంది, అందుకే సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. క్షయకు రిఫాంపిసిన్ ఉన్న మందు మొదలైతే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు అవసరం. మూర్ఛ మందులు, ఊరి నుంచి తెచ్చుకున్న నాటుమందులు, కషాయాలు ఏవి వాడుతున్నా చెప్పండి. క్షయ మందు ఒకచోట, ఏఆర్‌టీ ఇంకోచోట తీసుకునేవారు రెండు చోట్లా రెండు పుస్తకాలూ చూపించాలి.

దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ వారమే సెంటర్‌లో చెప్పండి. మనకు క్షయ వచ్చే అవకాశం మిగతావారికన్నా చాలా ఎక్కువ. దాన్ని ముందే అడ్డుకునే మందు సెంటర్‌లోనే ఉంది, మీకు ఇచ్చారో లేదో పుస్తకంలో చూసుకోండి.

ఊరు వెళ్లేటప్పుడు

సంక్రాంతికి వెళ్తాం, నాలుగు రోజులని వెళ్లి పన్నెండు రోజులు ఉంటాం. అందుకని ఎన్ని రోజులకు వెళ్తున్నా, అంతకు పది మాత్రలు ఎక్కువ పెట్టుకోండి. వాటిని రైల్లో సీటు కింద పెట్టే సూట్‌కేసులో కాకుండా ఒంటిమీద ఉండే సంచిలో పెట్టుకోండి. అయినా అయిపోతే ఊళ్లో మానేసి కూర్చోవద్దు. ఆ జిల్లాలోని ఏఆర్‌టీ సెంటర్‌కు గ్రీన్ బుక్ పట్టుకుని వెళ్లండి. ప్రయాణంలో ఉన్నవారికి మందు ఇచ్చే ఏర్పాటు ఉంది. దారి తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోను చేసి, దగ్గరి సెంటర్ ఎక్కడో అడగండి.

వైరల్ లోడ్ అడిగి చేయించుకోండి

మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి ఈ పరీక్ష చేస్తారు. తేదీ దాటిపోతే మీరే గుర్తుచేయండి. ఫలితం మిల్లీలీటరు రక్తానికి 1000 వైరస్ కాపీలకు మించితే మూడు నెలలు ప్రత్యేక కౌన్సెలింగ్ ఇచ్చి మళ్లీ పరీక్షిస్తారు. రెండోసారీ ఎక్కువగా ఉంటేనే మందు మార్చే ఆలోచన చేస్తారు. కాబట్టి ఆ మూడు నెలలు ఒక్క మాత్రా తప్పనివ్వకండి.

వైరస్ కనిపించని స్థాయికి చేరి అలాగే నిలిచి ఉన్నవారి నుంచి సంభోగం ద్వారా హెచ్‌ఐవీ మరొకరికి సోకదు. ఇది శాస్త్రం తేల్చిన విషయం. భార్యను ముట్టుకోవడానికి భయపడి ఏళ్ల తరబడి వేరుగా పడుకున్న మగవాళ్లకు, భర్తకు దూరంగా తనను తాను శిక్షించుకుంటున్న ఆడవాళ్లకు ఈ మాట చెప్పేవారు లేకపోయారు. మీ ఫలితం పట్టుకుని ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గర కూర్చోండి. పిల్లలు కావాలనుకుంటే అదీ అడగండి. చికిత్సలో ఉన్న తల్లులకు హెచ్‌ఐవీ లేని బిడ్డలు పుడుతున్నారు. సుఖవ్యాధులు, అక్కర్లేని గర్భం రాకుండా ఉండటానికి కండోమ్ అవసరం ఎలాగూ ఉంటుంది. రక్తమార్పిడికి, సూదులు పంచుకోవడానికి మాత్రం ఈ భరోసా వర్తించదు.

ఒంటితోపాటు మనసు

బతికి ఉండటం వేరు, బాగా బతకడం వేరు. డోలుటెగ్రావిర్‌తో కొందరికి బరువు పెరుగుతుంది. నెలనెలా బరువు, అప్పుడప్పుడు బీపీ, షుగరు చూపించుకోండి. టెనోఫోవిర్ వాడేవారికి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష జరుగుతోందో లేదో గమనించండి. ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అడిగి చేయించుకోవాలి.

నిద్ర పట్టక, తిండి సహించక, దేనికీ ఎందుకులే అనిపిస్తున్న రోజులు రెండు వారాలు దాటితే అది బద్ధకం కాదు, కుంగుబాటు. కుంగుబాటులో ఉన్న మనిషి మొదట మానేసేది మాత్రే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇది ఎవరికీ చెప్పకుండా ఏళ్లకేళ్లు మోయడం చాలా బరువు. అలాగని అందరికీ చెప్పాల్సిన పనీ లేదు. ఒక్క మనిషిని ఎంచుకోండి. ఇంతకుముందు మీరు చెప్పిన రహస్యం ఏదైనా నిలబెట్టిన మనిషి అయి ఉండాలి. చెప్పే ధైర్యం ఇంకా రాకపోతే సగమే అడగండి: “అక్కా, నేను రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. పొద్దున్న ఏడింటికి ఒక మిస్డ్ కాల్ ఇస్తావా? ఎందుకో తర్వాత చెబుతాను.” అక్క చాలావరకు ఇస్తుంది. మిగిలిన సగం చెప్పే రోజు దానంతట అదే వస్తుంది.

పనిలోనో, అద్దె ఇంటిలోనో ఇబ్బంది పెడితే

2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం, ఇల్లు ఖాళీ చేయించడం, ఆసుపత్రిలో వైద్యం నిరాకరించడం నేరుగా ఈ చట్టానికి విరుద్ధం. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమనకూడదు. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, మీ విషయం బయటపెట్టకూడదు. వంద మంది గానీ, అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే సంస్థలో ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. అక్కడ న్యాయం జరగకపోతే ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే రాష్ట్ర అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. అంబుడ్స్‌మన్ 30 రోజుల్లో, అత్యవసర వైద్యం అవసరమైన సందర్భమైతే వీలైనంత త్వరగా, కుదిరితే 24 గంటల్లోనే ఆదేశం ఇవ్వాలి.

నోటిమాటగా వదిలేయకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు ఏమన్నారో అదే రోజు కాగితం మీద రాసుకోండి. సెంటర్‌లోని కౌన్సెలర్‌కు చూపించి, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో కనుక్కోండి. తెలుగులో రాసినా, తమిళంలోకో ఇంగ్లీషులోకో మార్చి ఇవ్వమని వారినే అడగండి. ఫిర్యాదు ఇచ్చాక అందినట్టు ముద్ర వేయించుకుని, ఒక నకలు గ్రీన్ బుక్‌తోపాటు పెట్టెలో భద్రపరచుకోండి.